అడుగున నల్లరంగు మెరిస్తే అనుమానించండి

సంపాదకులకు,

పాత వాహనం కొనేవారికి సలహాలంటూ పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఇంజను, క్లచ్, టైర్లు, మీటరు రీడింగు, కాగితాలు అన్నిటికీ చోటుంటుంది. బండి కిందకి దూరి చూడమని మాత్రం పెద్దగా ఎవరూ రాయరు. రాసినా 'అడుగున తుప్పు లేకుండా చూసుకోండి' అని ఒక్క ముక్కతో సరిపెడతారు. మామూలు కారుకు ఆ ముక్క చాలునేమో గానీ నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి చాలదు. నాలుగు కాలాలు తిరిగిన ఫోర్ వీల్ డ్రైవ్ ఏదైనా సరే, అడుగున ఎంతో కొంత తుప్పు ఉండి తీరుతుంది. ఆ తుప్పు ఏ రకం, ఎక్కడ పట్టింది, ఎంత లోతుకు దిగింది అన్నవి తేల్చుకోవాలి. ఇది తెలియక కొందరు పైపైన ఎర్రబడ్డ మంచి బండిని వదులుకుంటారు. మరికొందరు నల్లగా నిగనిగలాడే పుచ్చు చాసిస్‌ను ముచ్చటపడి కొంటారు.

ఈ బండ్లలో ఎక్కువ భాగం నిచ్చెన లాంటి చాసిస్ మీద కట్టినవే. రెండు పొడవాటి పట్టెలు, వాటిని కలుపుతూ అడ్డంగా క్రాస్ మెంబర్లు, పైన బాడీ. ఇంజను పాడైతే దింపి కట్టొచ్చు, గేర్‌బాక్సు మార్చుకోవచ్చు, సీట్లు కుట్టించుకోవచ్చు. చాసిస్ పోతే బాడీ మొత్తం పైకి లేపాల్సిందే. పైగా బండికి గుర్తింపైన నంబరు చాలా బండ్లలో ఆ పట్టె మీదే చెక్కి ఉంటుంది కాబట్టి చాసిస్ మార్చడం వట్టి గ్యారేజీ పనితో తేలేది కాదు. అందుకే చూసే వరుస తిరగేయమంటాను. ముందు అడుగు, ఆ తర్వాతే బానెట్.

చాసిస్ పట్టెలు చాలావరకు డబ్బాలా నలువైపులా మూసిన గొట్టాలు. రేకు మందం సుమారు 2 నుంచి 4 మి.మీ. ఉంటుంది. ఆ గొట్టానికి అక్కడక్కడా కన్నాలుంటాయి. కొన్ని కారఖానాలో అమరిక కోసం పెట్టినవి, కొన్ని నీరు కారిపోవడానికి వదిలినవి. బండి బురదలో, వాగులో, ఇసుకలో దిగినప్పుడు ఆ కన్నాల్లోంచే మట్టి లోపలికి చేరుతుంది. నీరు కారే కన్నాలు మూసుకుపోతాయి. మిగిలిన మట్టి తడిబట్టలా నెలల తరబడి చెమ్మను పట్టి ఉంచుతుంది. పైన కడిగితే బయట శుభ్రపడుతుంది, లోపలిది అలాగే ఉంటుంది. ఇక ఉప్పు తోడైతే అడగక్కర్లేదు. సముద్రపు నీరైనా, మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పైనా పని ఒకటే. చల్లే వాటిలో మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ మరీ మొండివి. అవి గాలిలోని తేమను తామే లాక్కుంటాయి కాబట్టి వాన లేని రోజున కూడా రేకు తడిగానే ఉంటుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డబ్బా చాసిస్ తుప్పు చాలాసార్లు లోపల మొదలై బయటికి వస్తుంది. బయట చిన్న చిల్లు కనబడిందంటే ఆ చుట్టుపక్కల రేకు అప్పటికే కాగితంలా అయిపోయి ఉంటుంది.

తుప్పులో తేడాలు చూడటం పెద్ద విద్యేం కాదు. పైపొర తుప్పు పల్చగా, పొడిగా, నారింజ రంగులో ఉంటుంది. గుడ్డతో రుద్దితే చేతికి అంటుతుంది, వైర్ బ్రష్ నాలుగు సార్లు ఆడిస్తే కింద గట్టి ఇనుము కనబడుతుంది. దీనికి భయపడక్కర్లేదు. రెండోది గుంటల తుప్పు. బ్రష్ చేశాక కూడా రేకు మీద మశూచి మచ్చల్లా గుంటలు మిగులుతాయి. వేలి గోటిని అడ్డంగా లాగితే తగులుకుంటూ పోతుంది. ఇక్కడ మందం కొలవక తప్పదు. మూడోది పెచ్చుల తుప్పు. ముదురు గోధుమ రంగులో, బిస్కెట్టులా పొరలు పొరలుగా లేస్తుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు ముందున్న జాగాకు కొన్ని రెట్ల జాగా ఆక్రమిస్తుంది. కాబట్టి 3 మి.మీ. మందం పెచ్చు ఊడిందంటే 3 మి.మీ. ఇనుము పోయిందని అర్థం కాదు, పోయింది అంతకంటే చాలా తక్కువే. పెచ్చును చూసి గుండెలు బాదుకునేకంటే పెచ్చు కింద మిగిలిందేమిటో చూడటం మేలు. అయితే ఈ ఉబ్బడమే ఇంకోచోట కొంప ముంచుతుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి ఆనే చోట, అంటే బ్రాకెట్ చాసిస్‌కు అతుక్కునే చోట, మధ్యలో పుట్టిన తుప్పు ఆ రెంటినీ విడదీసి పైరేకును బుడగలా ఉబ్బిస్తుంది. వెల్డింగు అతుకులు తెగేంత బలం దానికుంటుంది. తిన్నగా ఉండాల్సిన బ్రాకెట్ అంచు పొట్ట ఉబ్బినట్టు కనబడితే లోపల పని జరిగిపోయినట్టే.

దీనికి ఎదురు, ఉత్తుత్తి భయాలు కూడా ఉన్నాయి. సైలెన్సరు గొట్టాలు, పోత ఇనుముతో చేసిన డిఫరెన్షియల్ బుడ్డి (ఇరుసు నడుమ గేర్లుండే ఉబ్బెత్తు భాగం), చక్రాల దగ్గరి నకిల్స్ (చక్రం తిరిగే కీలు ముక్కలు), బ్రేక్ డ్రమ్ములు, డిస్కుల అంచులు ఇవన్నీ బండి కొత్తగా ఉండగానే ఎర్రబడతాయి. సైలెన్సరు తప్ప ఇవి దళసరి పోత ముక్కలు, వీటి తుప్పు చూసి బేరం మానుకోవడం అమాయకత్వం. ఇంజను శక్తిని ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టం మీద పైపొర తుప్పూ అంతే. దాని వెల్డింగు అతుకు పక్కన లోతు గుంటలుంటే మాత్రం వేరే కథ.

చూడ్డానికి వెళ్లేటప్పుడు వెంట ఉండాల్సినవి ఇవి: తలకు కట్టుకునే టార్చి, 200 నుంచి 250 గ్రాముల చిన్న సుత్తి, మొన అరిగిన స్క్రూడ్రైవరు, వైర్ బ్రష్, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, సుద్దముక్క, కళ్లద్దాలు, ఫోనుకు తగిలించే సన్నటి గొట్టం కెమెరా. ఈ కెమెరా తల 8 మి.మీ. లోపు ఉంటే చాసిస్ కన్నాల్లో చాలావాటిలో దూరుతుంది. కళ్లద్దాలు మర్చిపోవద్దు, వెల్లకిలా పడుకుని సుత్తితో కొడితే తుప్పు పొడి తిన్నగా కళ్లలోనే పడుతుంది. బండిని పొడిగా ఉంచమని అమ్మేవారికి ముందే చెప్పండి. తడిసిన ఇనుము అంతా ఒకే నలుపులో ఉంటుంది, ఏది రంగో ఏది తుప్పో తెలియదు. గుంత గానీ లిఫ్టు గానీ ఉన్నచోటే చూడటం ఉత్తమం. లేకపోతే చదునైన నేల మీద జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డం వేశాకే దూరండి. వట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి తల పెట్టకూడదు. తుప్పు పట్టిన చాసిస్‌కు ఇది మరీ వర్తిస్తుంది, జాకీ ఆన్చిన చోటే రేకు లోపలికి దిగిపోవచ్చు. నిజానికి అదొక పరీక్షే. జాకీ తలకాయ ఆనగానే కరకరమని రేకు నలిగిన శబ్దం వస్తే బండి దింపేసి సెలవు తీసుకోవచ్చు.

వెనక నుంచి మొదలుపెట్టండి. చాలా బండ్లలో ముందు భాగం కంటే వెనక భాగం ముందుగా చెడుతుంది. ముందు వైపు ఇంజను వేడి ఉంటుంది, పాతబడిన కొద్దీ ఎక్కడో ఒకచోట నూనె చెమర్చి చాసిస్‌కు తైలాభ్యంగనం చేస్తూ ఉంటుంది. ఆయిల్ కారే ఇంజనుకు ఉన్న ఒకే ఒక్క పుణ్యం అది. వెనక చక్రాల వైపు అదేమీ ఉండదు. నాలుగు చక్రాలూ చిమ్మిన బురదంతా అక్కడికే చేరుతుంది.

మొదట చివరి క్రాస్ మెంబరు, స్టెప్నీ వేలాడే చోటు. తర్వాత రెండు పట్టెలూ వెనక యాక్సిల్ (ఇరుసు) మీదుగా వంపు తిరిగి పైకి లేచే భాగం. వంపు పైభాగాన మట్టి పేరుకుని కూర్చుంటుంది, వంపు మొదలయ్యే పల్లంలో గొట్టం లోపలి మట్టి జారి చేరుతుంది. వేళ్లు పైకి పోనిచ్చి పట్టె పై ముఖాన్ని తడిమి చూడండి, కంటికి కనబడని చోటు అది. ఆపైన కమాను పట్టీలను చాసిస్‌కు తగిలించే హ్యాంగర్లు, వెనక వైపు పట్టీ కొస ఊగే షాకిల్ బ్రాకెట్లు. కాయిల్ స్ప్రింగు బండైతే ఇరుసును పక్కకు జరగకుండా పట్టే ట్రెయిలింగ్ ఆర్ములు, పాన్‌హార్డ్ రాడ్డు బిగించే బ్రాకెట్లు. బండి బరువు, కుదుపు, బ్రేకు దెబ్బ అన్నీ చాసిస్‌లోకి దిగేది ఈ నాలుగైదు చోట్లలోనే. మిగతా చాసిస్ అంతా ఒకెత్తు, ఇవి ఒకెత్తు.

సుత్తి వాడే పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. బలంగా మోదనక్కర్లేదు, మణికట్టు ఆడిస్తే చాలు. పట్టె కింది ముఖం మీద, లోపలి పక్క మీద ప్రతి రెండంగుళాలకూ ఒక దెబ్బ వేసుకుంటూ పోవాలి. మంచి రేకు మీద సుత్తి తనంతట తానే ఎగిరి వెనక్కి వస్తుంది, శబ్దం ఖంగుమని మోగుతుంది. పల్చబడ్డ చోట దెబ్బను రేకు మింగేస్తుంది, మొద్దుగా డబ్బుమంటుంది, గొట్టం లోపల ఇసుక జారినట్టు గరగరమని పెచ్చులు రాలతాయి. ఆ గరగర చెవిన పడితే సుద్దతో అక్కడ గీత పెట్టండి. ఒక జాగ్రత్త, లోపల మట్టి కూరుకుపోయి ఉంటే మంచి రేకు కూడా మొద్దుగానే పలుకుతుంది. బ్రాకెట్ల పక్కన, రబ్బరు బుష్‌ల పక్కన కూడా శబ్దం మారుతుంది. కాబట్టి ఒక పక్క అనుమానం వచ్చిన చోటును రెండో పక్క పట్టెలో సరిగ్గా అదే చోటుతో పోల్చుకోవాలి. రెండూ ఒకేలా పలికితే అది నిర్మాణం వల్ల వచ్చిన తేడా కావచ్చు. ఒకటి మోగి ఒకటి మూగబోతే అది తుప్పు. సుద్ద గీతలు పెట్టిన చోట్ల మొండి స్క్రూడ్రైవరు ఆన్చి బొటనవేలి బలంతో నొక్కండి. రేకు లొత్త పడితే అది ఇక చాసిస్ కాదు, చాసిస్ ఆకారంలో ఉన్న తుప్పు.

తర్వాత కెమెరా. వెనక యాక్సిల్‌కు ముందూ వెనకా ఉన్న కన్నాల్లోంచి రెండు పట్టెల్లోకీ పోనివ్వండి. లోపల పాత పెయింటు పొర నలుపో బూడిద రంగో కనబడుతూ అక్కడక్కడా ఎర్రమచ్చలుంటే పరవాలేదు. అడుగున గుట్టగా ఆకుల్లాంటి పెచ్చులు పడి ఉంటే అవి పై ముఖం నుంచో పక్కల నుంచో రాలినవే. వాటిని తీసి చూస్తే గానీ కింద మిగిలిన మందం తెలియదు. అమ్మేవారు ఒప్పుకుంటే ఒక తీగతో నాలుగు పెచ్చులు బయటికి లాగండి. గోరంత మందం, అరచేయంత వెడల్పు ముక్కలు వస్తే ఆ బండితో ఇక మాటలెందుకు?

మందం కొలిచే అల్ట్రాసోనిక్ మీటరు సంపాదించగలిగితే అనుమానాలన్నీ తీరిపోతాయి. అది ఒక పక్కనుంచే కొలుస్తుంది, గొట్టం కోయక్కర్లేదు. నాణెమంత చోటు ఇనుము కనబడేదాకా రుద్ది, కొద్దిగా జెల్ పూసి ఆన్చాలి. అదే పట్టెలో తుప్పు లేని పైభాగాన ఒకసారి, అనుమానపు చోట మూడు నాలుగు సార్లు కొలవండి. 3 మి.మీ. ఉండాల్సిన రేకు 2.7 చూపిస్తే శుభ్రం చేసి పూత వేసుకుంటే సరిపోతుంది. 2 చూపిస్తే మూడో వంతు బలం పోయింది, నేనైతే కొనను. ఎక్కడ పోయిందన్నది కూడా చూడాలి. పట్టె వంగకుండా ఆపేవి దాని పై ముఖం, కింది ముఖం, నాలుగు మూలలు. పక్క రేకు నడిమధ్యలో చిన్న చిల్లు కంటే కింది మూలలో సగం మందం పోవడం ఎక్కువ ప్రమాదం. చాలామంది దీన్ని తలకిందులుగా చూస్తారు, కంటికెదురుగా కనబడే పక్క చిల్లును చూసి బెదిరి, కింది మూలను తడమరు.

బ్రేక్ పైపుల గురించి వేరే చెప్పాలి. చాసిస్ పుచ్చితే నెమ్మదిగా తెలుస్తుంది, బ్రేక్ పైపు పుచ్చితే ఒక్క తొక్కుడుతో తెలుస్తుంది. మామూలు ఉక్కు బ్రేక్ పైపు బయటి వ్యాసం 4.75 మి.మీ., గోడ మందం 0.7 మి.మీ. మాత్రమే. చాసిస్‌ను మూడేళ్లలో కాస్త తినే తుప్పు దీన్ని పూర్తిగా తినేయగలదు. ఇది చెడేది కనబడే చోట కాదు. క్లిప్పుల కింద, ఇంధన ట్యాంకు పైన, యాక్సిల్ మీద పైపు రెండుగా చీలే టీ జాయింటు దగ్గర, మట్టి నిలిచే వంపుల్లో. పైపు బయట పొలుసులు లేచి లావెక్కినట్టుంటే గుడ్డతో తుడిచి చూడండి, స్క్రూడ్రైవరుతో గీకొద్దు, నడపబోయే బండికి చేజేతులా చిల్లు పెట్టినట్టవుతుంది. ట్రయల్‌కు బయల్దేరే ముందే ఇంజను నడుస్తుండగా పెడల్‌ను బలంగా తొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ మెల్లగా దిగిపోతుంటే, లేదా ఆ తర్వాత కింద ఎక్కడైనా తడి మరక కనబడితే ట్రయల్ వద్దు. పైపులు మార్చుకోదగినవే కాబట్టి ఇదొక్కటే లోపమైతే బేరం వదులుకోనక్కర్లేదు. రాగి నికెల్ మిశ్రమంతో చేసిన పైపులు తుప్పు పట్టవు, వేయిస్తే అవి వేయించండి. ఇంధనం పైపులకూ, ట్యాంకును మోసే పట్టీలకూ ఇదే చూపు చూడాలి. ట్యాంకు కింద రక్షణగా పెట్టిన స్కిడ్ ప్లేటు లోపల మట్టి పేరుకుంటే ట్యాంకు అడుగు గుట్టుచప్పుడు కాకుండా పోతుంది.

యాక్సిల్ హౌసింగు గొట్టం దళసరిదే గానీ కొన్నిటిలో డిఫరెన్షియల్ వెనక మూత పల్చటి అచ్చు రేకు. దాని కింది అంచులో తుప్పు పట్టి సూదిమొనంత చిల్లు పడితే ఆయిల్ చెమరుస్తుంది, దుమ్ము అంటుకుని అక్కడ నల్లటి మడ్డి కడుతుంది. మడ్డి చూసి సీల్ లీకని తీసిపారేయకండి. కమాను పట్టీల మధ్య తుప్పు ఉబ్బి పట్టీలు విడివిడిగా నోళ్లు తెరిచినట్టు కనబడతాయి. ఇరుసును పట్టీలకు బిగించే యు బోల్టుల మర సన్నబడి ఉంటుంది. కాయిల్ స్ప్రింగులైతే అట్టడుగు చుట్టు మట్టిలో కూర్చుని గుంటలు పడి, ఆ గుంట దగ్గరే విరుగుతుంది. విరిగిన ముక్క స్ప్రింగు కూర్చునే గిన్నెలో పడి ఉండి కూడా బండి మామూలుగానే నడుస్తుంది. అందుకే రెండు పక్కలా చుట్లు లెక్కపెట్టాలి. నట్ల మూలలన్నీ తుప్పు తినేసి గుండ్రంగా అయిపోయాయంటే పానా పట్టదు. అలాంటి బండికి ఏ రిపేరైనా గ్యాస్ కట్టర్‌తో మొదలవుతుంది, ఆ కూలీ కూడా లెక్కేసుకోండి.

చాసిస్ మీద బాడీ కూర్చునే మౌంటు దిమ్మెలు, వాటి రబ్బర్లు, చుట్టూ ఉన్న నేల రేకు కూడా చూడాలి. లోపల కార్పెట్ లేపి చూస్తే సగం తెలుస్తుంది. పికప్ బండైతే కొంచెం దూరం జరిగి పక్కనుంచి చూడండి. క్యాబిన్‌కూ వెనక తొట్టికీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉండాలి. పైన ఇరుకై కింద వెడల్పైతే చాసిస్ నడుము వంగిందని అనుమానించాలి. విడి చాసిస్ లేకుండా బాడీనే చాసిస్‌గా కట్టిన ఫోర్ వీల్ డ్రైవ్‌లలో ఈ పట్టెల పని సిల్లులు (తలుపుల కింది బోలు అంచులు), నేల అడుగున ఉన్న బోలు పట్టెలు చేస్తాయి. తలుపుల కింద ప్లాస్టిక్ తొడుగు ఉంటే దాని చివర లేపి వేలు పెట్టి చూడనిదే కొనొద్దు. అల్యూమినియం బాడీ బండ్లకు తుప్పు రాదన్న మాట కూడా అర్ధసత్యం. 2016 దాకా వచ్చిన పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ బాడీ రేకు చాలావరకు అల్యూమినియమే. దాని చాసిస్ ఉక్కు. వెనక క్రాస్ మెంబరు, పక్కలకు చాచిన అవుట్‌రిగ్గర్లు, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న బల్క్‌హెడ్ కాళ్లు మోపే మూలలు, ఈ మూడూ దానికి పేరుమోసిన పుచ్చు చోట్లు. ఉక్కూ అల్యూమినియమూ ఆనే చోట తడి తగిలితే అల్యూమినియం కూడా తెల్లటి పొడిలా రాలిపోతుంది.

ఇక అసలు సంగతి. గోధుమ రంగు అడుగు కంటే నల్లటి అడుగుకే ఎక్కువ భయపడాలి. అమ్మకానికి పెట్టే ముందు తారు పూత కొట్టించడం పాత అలవాటు. రెండు డబ్బాల స్ప్రే, ఒక సాయంత్రం పని, ఫొటోలో బండి కొత్తదానిలా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. వదులు పెచ్చుల మీద కొట్టిన తారు రేకును కాపాడదు. పెచ్చుల కింద ఉన్న చెమ్మను లోపలే బిగించి, తుప్పును గుట్టుగా సాగనిస్తుంది. నిజాయితీగా వేసిన పూతకూ దాచడానికి వేసిన పూతకూ తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. దాచేవాడు తొందరలో ఉంటాడు. రబ్బరు బుష్‌ల మీద, వైరింగు మీద, బ్రేక్ గొట్టాల మీద, సైలెన్సరు మీద, గ్రీజు ఎక్కించే నిప్పుల్ మీద కూడా నలుపు పడి ఉంటుంది. అడుగంతా నల్లగా ఉండి పట్టె పై ముఖం మాత్రం ఎర్రగా మిగిలిపోతుంది, స్ప్రే డబ్బా అక్కడికి అందదు కాబట్టి. కొత్త తారు గోటితో నొక్కితే మెత్తగా దిగుతుంది, వాసన వేస్తుంది. పాత తారైతే గట్టిబడి బీటలిచ్చి ఉంటుంది. బుడగలా లేచిన చోట స్క్రూడ్రైవరు పిడితో తట్టండి, డొల్లగా పలికితే దాని కింద నీళ్లున్నాయనుకోవచ్చు. మైనం, లనోలిన్ (గొర్రె ఉన్ని కొవ్వు) లాంటి మెత్తటి పూతలు వేయించిన బండి దీనికి పూర్తిగా భిన్నం. అవి పారదర్శకంగానో తేనె రంగులోనో ఉండి కింద రేకు కనబడనిస్తాయి. అలాంటి పూత ఏటేటా వేయించిన బిల్లులు చూపించే యజమాని దొరికితే పది వేల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా ఆ బండే కొనమంటాను.

వెల్డింగు అతుకుల దగ్గర అయస్కాంతం పనికొస్తుంది. గుడ్డ చుట్టిన అయస్కాంతం పక్క రేకు మీద గట్టిగా పట్టుకుని ఒకచోట జారిపోతుంటే అక్కడ లప్పమో ఫైబరో ఉంది. ఉక్కు అతుకైనా సరే, చుట్టూ తెగకుండా వెల్డింగు వరస ఉండాలి, అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు పెట్టి పైన సీలెంట్ పూస్తే కుదరదు. పట్టెకు అడ్డంగా నిలువు గీతలా వేసిన వెల్డింగు చెడ్డది. బలమంతా ఆ గీత దగ్గర చేరి రేకు దాని పక్కనే చీలుతుంది. తెలిసినవాడు అతుకు చివరలను ఏటవాలుగా, డైమండ్ ఆకారంలో కోస్తాడు. పల్చబడ్డ రేకుకు దళసరి అతుకు వేస్తే అతుకు నిలుస్తుంది, చుట్టూ రేకు ఊడుతుంది. కొత్త బండ్ల చాసిస్‌లలో వాడే అధిక బలం గల ఉక్కు వెల్డింగు వేడికి బలం కోల్పోతుంది కాబట్టి ఎక్కడ వెల్డింగు చేయొచ్చో ఎక్కడ కూడదో తయారీ కంపెనీ సర్వీసు పుస్తకంలో చూసుకోవాలి.

బండి ఎలా బతికిందో చెప్పే చిన్న ఆనవాళ్లు కొన్ని ఉంటాయి. ట్రెయిలర్ లాగే హుక్కు ఉండి వెనక క్రాస్ మెంబరు ఒక్కటే మిగతా చాసిస్ కంటే ఘోరంగా ఉంటే, పడవను నీళ్లలో దించడానికి వెనక చక్రాలు ఉప్పునీటిలో ముంచిన బండి అనుకోవచ్చు. సీటు పట్టాలు, పెడల్ బ్రాకెట్లు, డాష్‌బోర్డు వెనక స్క్రూలు ఎర్రబడ్డాయంటే నీళ్లు క్యాబిన్‌లోకి వచ్చాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, మరక గీత ఎక్కడుందో నీళ్లు అంతవరకు లేచాయి. డిఫరెన్షియల్ ఆయిల్ పాల రంగులో ఉంటే వాగులో దిగినప్పుడు నీరు తాగింది. ఫోర్ వీల్ లివరు తుప్పుకు బిగుసుకుపోయి కదలకపోతే యజమాని ఏళ్లుగా దాన్ని ముట్టుకోలేదు. 'ఆఫ్‌రోడ్‌కే తీసుకెళ్లలేదండీ' అన్న అతని మాటకు అదొక్కటే సాక్ష్యం, అదీ లివరును గేర్లకు కలిపే కడ్డీల లింకేజీ చెడిన సాక్ష్యం.

ఎంత తుప్పుకు వద్దనాలి అన్నదానికి మన ఊహలే ఆధారం కానక్కర్లేదు. అమెరికాలో టొయోటా 1995 నుంచి 2000 దాకా వచ్చిన టకోమా పికప్‌ల చాసిస్ తుప్పు మీద 2008లో వారంటీని 15 ఏళ్లకు పొడిగించింది, మరీ చెడ్డ వాటిని మార్కెట్ విలువకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి తీసుకుంది. తర్వాత 2005 నుంచి 2010 దాకా వచ్చిన టకోమాలు, అదే కంపెనీ ఆనాటి కొన్ని టండ్రా, సెకోయా బండ్ల మీద పడ్డ దావా 2016లో రాజీకి వచ్చింది. సుమారు 15 లక్షల బండ్లు, ఖర్చు 340 కోట్ల డాలర్ల దాకా అంచనా. చాసిస్ మార్చడానికి అక్కడ పెట్టుకున్న గీటురాయి 10 మి.మీ., అంతకు మించిన తుప్పు చిల్లు. మన చిటికెన వేలు దూరేంత కూడా కాదు. బ్రిటన్‌లో పాత బండ్లకు ఏటా జరిగే ఎం.ఓ.టి. తనిఖీలో సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టులు బిగించే చోట్ల నుంచి 30 సెం.మీ. లోపు బలం తగ్గేంత తుప్పుంటే ఫెయిల్. లప్పంతో, ఫైబర్‌తో చేసిన రిపేరు అక్కడ చెల్లదు. ఈ రెండు అంకెలు, 10 మి.మీ., 30 సెం.మీ., గుర్తుంటే బండి కింద పడుకున్నప్పుడు నిర్ణయం తేలికవుతుంది. హ్యాంగర్‌కు జానెడు దూరంలో సుత్తి మూగబోతే వదిలేయండి, అమ్మేవారు ఎంత తగ్గించినా సరే. క్రాస్ మెంబరు, బోల్టులతో బిగించిన భాగం, బ్రేక్ పైపులు, స్ప్రింగులు ఇవి బేరానికి పనికొచ్చే లోపాలు. అన్ని పక్కలా పైపొర తుప్పు ఉండి సుత్తి ప్రతిచోటా మోగితే, పెయింటు మెరుపు లేకపోయినా, అది కొనదగ్గ బండి.

కొన్నాక మొదటి వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. నీరు కారే కన్నాలన్నీ తీగతో పొడిచి తెరిచి, గొట్టం లోపలికి నీటి పైపు పెట్టి, కింద తేట నీరు వచ్చేదాకా కడగాలి. ఆపైన నాలుగైదు రోజులు ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు గానీ పొడవాటి గొట్టపు నాజిల్‌తో లోపల మైనం పూత కొట్టకూడదు. తడి మీద కొడితే పైన చెప్పిన తారు కథే మళ్లీ మొదలవుతుంది. కన్నాలు పూతతో మూసుకుపోకుండా చివర్లో మరోసారి తీగ పొడవాలి.

ఒక విన్నపం. పాత బండ్ల ప్రకటనలు వేసేవారు, వేయించేవారు బానెట్, డాష్‌బోర్డు ఫొటోలతో పాటు అడుగు ఫొటోలు కూడా నాలుగు పెట్టాలి. వెనక యాక్సిల్ పైన రెండు పట్టెలు, హ్యాంగర్ల జంట, ట్యాంకు దగ్గర బ్రేక్ పైపు, కన్నంలోంచి తీసిన పట్టె లోపలి భాగం. ఆ నాలుగూ ఫ్లాష్ వేసి, బండి పొడిగా ఉండగా, స్ప్రే డబ్బా మూత తీయకముందు తీసినవై ఉండాలి.

ఇట్లు,
ఒక చాసిస్ మెకానిక్